గిన్నెకు పూసిన పిండి

పోయిన వారం మనం నౌరీన్‌ను తిరుపతిలో, ఆమె వంటింట్లో, చేటలో పోసిన రాగుల ముందు దిగులుగా కూర్చోబెట్టి వచ్చేశాం. ఆమె వారమంతా అలాగే కూర్చుందనుకునేరు, ఆమె అలాంటి మనిషి కాదు. అయినా ఆ భాగం చదవని వాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పి ముందుకు పోదాం.

నౌరీన్ కూతురు అఖ్సాకు తొమ్మిదేళ్లు. గోధుమ ఏ రూపంలో కడుపులో పడినా పేగులు ఒప్పుకోని జబ్బు ఆ పిల్లది. ఏం తిన్నా ఒంటబట్టక, పుల్లలా మిగిలిపోయిన పిల్లను ఊరూరా తిప్పగా తిప్పగా, నాలుగేళ్లకు ఒక డాక్టరు సీలియాక్ అని దాని పేరు చెప్పాడు. గోధుమలో, మైదాలో ఉండే జిగురే దీనికి విషమనీ, రొట్టె, రస్కు, బన్ను, కేకు ఇక జన్మలో ముట్టకూడదనీ అన్నాడు. ఇంకో ఇంట్లో అయితే ఇది ఒక్క బాధ. చిత్తూరులో జీవితమంతా బేకరీ నడిపిన కాశిం సాహెబ్ మనవరాలికి రావడంతో రెండు బాధలైంది. పిల్ల పుట్టినరోజుకు నౌరీన్ రాగిపిండితో చాక్లెట్ కేకు చేసింది. అందులో గోధుమ నలుసు లేదని తండ్రి ముందు, భర్త ముందు గట్టిగా చెప్పింది. అఖ్సా రెండు ముక్కలు తిని, పొద్దు గూకేసరికి కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోయింది. ఆ కేకులోకి గోధుమ ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ అంతుబట్టలేదు.

నౌరీన్ ముందు పిండిమర మీద పడింది. తన రాగులకు ముందు ఎవరివో గోధుమలు ఆడి ఉంటాయని తేల్చేసింది. మరాయన "నీ ముందు గూడా రాగులే ఆడినాయమ్మా" అని ఎంత మొత్తుకున్నా వినలేదు. తర్వాత కోకో డబ్బా మీది సన్నక్షరాలు, బేకింగ్ పౌడర్ డబ్బా మీది సన్నక్షరాలు కళ్లు చిట్లించి చదివింది. ఆఖరికి పక్కింటి కోమలి తెచ్చిచ్చిన కోడిగుడ్ల వైపు కూడా అనుమానంగా చూసింది. గుడ్డులో గోధుమ ఎట్లా దూరుతుందక్కా అని కోమలి అడిగాక గానీ వాటిని వదల్లేదు.

ఈ ఆదివారం ఆమె ఎవరినీ నమ్మదలుచుకోలేదు. రాగులు తనే కడిగి, మిద్దె మీద తనే ఆరబెట్టి, కొత్తగా కొన్న మిక్సీ జారులో తనే పొడి కొట్టింది. జల్లెడ కూడా కొత్తదే. భర్త నియాజ్ యాత్రికులను కారులో ఎక్కించుకుని తెల్లవారకముందే తిరుమలకు బయల్దేరుతూ, "ఈతూరి గూడా పాపకు నొప్పొస్తే కేకు మాట మరిచిపోదాం నౌరీన్" అన్నాడు. అది కూడా కోపంగా అనలేదు. అఖ్సా అయితే రెండు రోజులుగా "నాకు కేకంటే ఇష్టం లేదమ్మా" అంటోంది. తల్లి కష్టపడకూడదని తొమ్మిదేళ్ల పిల్ల అబద్ధమాడుతోందని నౌరీన్‌కు తెలుసు.

కాశిం సాహెబ్ వంటింట్లో పీట వేసుకుని కూర్చున్నాడు. బేకరీ మూసేశాక ఆయన కూతురి దగ్గరికి వచ్చేశాడు. భార్య ఆయిషా బీ అంతకు ముందే పోయింది. ఆయనకు పని లేకపోవడం ఒక జబ్బు, ఎవరైనా పిండి కలుపుతుంటే ఊరికే చూస్తూ కూర్చోవాల్సి రావడం ఇంకో జబ్బు.

"ఏమ్మే, పిండంతా పచ్చిదే కలిపేస్తావా?" అన్నాడు.

"ఫోన్లో అట్లనే సూపించినారు నాయనా."

"ఫోన్లో సూపించినోళ్లు రాగిసంగటి తిన్నోళ్లు కాదులే. మైదా అయితే గుడ్డును పట్టుకుంటాది. రాగి పట్టుకోదు, పొడిపొడిగా రాలిపోతాది. సగం పిండి కాగిన పాలల్లో ఏసి మూత పెట్టు. అది ఉబ్బి మెత్తబడినాక మిగతాది కలుపు."

నౌరీన్ అలాగే చేసింది. పాలలో నానిన రాగి కమ్మగా వాసన వేసింది. బెల్లం పాకం వడగట్టి, కరిగిన వెన్నలో కలిపి, గుడ్లు గిలకొట్టి పోసి, కోకో పొడి జల్లిస్తుంటే, తండ్రి చేతులు రెండూ మోకాళ్ల మీద ఆగలేక కదులుతున్నాయి. ఆ చేతులను చూస్తుంటే ఆమెకు చిత్తూరు గుర్తుకొచ్చింది.

బజారు వీధి చివర్లో ఉండేది ఆ బేకరీ. కట్టెల బట్టీ. తెల్లవారి నమాజు వేళకే బన్నుల వాసన వీధి మలుపు దాకా పోయేది. రంజాన్ చివరి వారంలో చూడాలి ఆ సందడి. ఇళ్లలో బిస్కెట్లు ఒత్తుకుని, తట్టల్లో పేర్చుకుని, కాల్చివ్వమని ఆడవాళ్లంతా బేకరీకి తెచ్చేవాళ్లు. ఎవరి తట్ట ఎవరిదో తెలియాలి కదా, అందుకని ఒక ఇంటివాళ్లు బిస్కెట్టు మీద లవంగం గుచ్చేవాళ్లు, ఒక ఇంటివాళ్లు బొటనవేలితో నొక్కేవాళ్లు, ఇంకొకరు కొత్త దువ్వెనతో గీతలు గీసేవాళ్లు. అన్నీ కాలి, ఉబ్బి, గీతలు మూసుకుపోయాక అసలు తగాదా మొదలయ్యేది. ఆ తగాదాలు తీర్చడం చిన్నప్పుడు నౌరీన్ పని. తట్టలు మోయడం ఆమె అన్న నిస్సార్ పని. వాడు రెండు తట్టలు మోసి మూడోదానికి గోడకు ఆనుకుని కూర్చునేవాడు. పొట్ట ముందుకు, చేతులు పుల్లల్లా, మొహం పాలిపోయి. "లేయరా పనిదొంగా" అని లోపలి నుంచి కాశిం సాహెబ్ కేక వేసేవాడు.

ఈ జబ్బు రక్తంలో వచ్చేదని, మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని డాక్టరు అడిగిన రోజున నౌరీన్ కళ్ల ముందు మెదిలింది ఆ గోడకు ఆనుకున్న పిల్లవాడే. ఆ మాట ఆమె నియాజ్‌కు కూడా చెప్పలేదు. ఒక కొత్త సంవత్సరం ముందు రోజు, కేకుల రద్దీలో నిస్సార్ పిండి తొట్టి పక్కన కూలబడితే, బేరగాళ్లందరి ముందూ తండ్రి చెయ్యి చేసుకున్నాడు. ఆ సాయంత్రమే నిస్సార్ ఇల్లు వదిలిపోయి, చిత్తూరు దగ్గరి ఐరాలలో బెల్లం వ్యాపారం చేసుకుని స్థిరపడ్డాడు. చెల్లెలితో పండగలకు ఫోనులో మాట్లాడతాడు. తండ్రీ కొడుకుల మధ్య మాటల్లేక ఇరవై ఏళ్లు దాటింది. నీ చేతి రొట్టే నీ కొడుకును అలా చేసిందని ఈ వయసులో తండ్రికి చెప్పడం కంటే, వాడు పనిదొంగ అనే నమ్మకంతోనే ఆయనను ఉండనివ్వడం మేలని నౌరీన్ అనుకుంది. నెలల తరబడి ఆ సంగతి కడుపులో పెట్టుకుంది.

కేకు కాల్చడానికి కుక్కర్‌లో ఉప్పు పోసి, విజిల్, గాస్కెట్ తీసి పక్కన పెట్టి, స్టవ్వు వెలిగించింది. కేకు పోసే గిన్నెకు వెన్న పూసింది. "నాయనా, పాపను లేపి వస్తా, మంట సూస్తా ఉండు" అని ముందు గదిలోకి వెళ్లింది. అఖ్సా దుప్పటి ముసుగులోంచి "కేకు వద్దన్నాను గదా" అని గొణిగి, వెంటనే "అయిపోయిందా?" అని అడిగింది. నౌరీన్ నవ్వుకుంటూ వెనక్కి వచ్చి, వంటింటి గుమ్మంలో ఆగిపోయింది.

కాశిం సాహెబ్ ఎడమ చేత్తో గిన్నెను వాలుగా పట్టుకుని, కుడిచేతిలో పిడికెడంత గుడ్డమూటతో దాని అంచు మీద తట్టుతున్నాడు. తట్టినప్పుడల్లా మూటలోంచి సన్నటి తెల్లటి పొడి రాలి, వెన్న మీద సమంగా పరుచుకుంటోంది. గిన్నెను గిర్రున తిప్పి, బోర్లించి, ఒక్క దెబ్బ కొట్టి, మిగిలింది దులిపేశాడు. ఆయన ముఖంలో ఎన్నాళ్లగానో లేని తృప్తి ఉంది.

"ఏంది నాయనా అది?"

"పూతపిండి" అన్నాడు ఆయన తల ఎత్తకుండానే. "బేకరీ మూసినప్పుడు ఈ మూటొక్కటీ తెచ్చుకున్నా. నువ్వు ఉత్త వెన్నే పూస్తా ఉండావు, అడుగంటుకుంటాది. పోయినతూరి గూడా నేనే తట్టి పెట్టినా. సూసినావు గదా, కేకు ఎంత శుభ్రంగా ఊడొచ్చిందో."

నౌరీన్ మరాయనను ఊరికే తిట్టింది. కోమలి ముందు పలచనైంది. కారణం ఇంట్లోనే, తన తండ్రి చేతిలోనే ఉంది.

"నాయనా, అది మైదా."

"మైదానే. అయితే కేకులో ఎయ్యలేదమ్మే. గిన్నెకు పూసినా."

ఆయన మాటలో దొంగతనం లేదు. బేకరీలో కేకుకు మైదా తూచేటప్పుడు పూతపిండిని ఎవరూ తూకంలో చేర్చరు. అది గిన్నె సొంతం, బల్ల సొంతం, చేతుల సొంతం. కేకులో మైదా వేయకూడదని కూతురు చెప్పింది, ఆయన వేయలేదు. పిండి బల్ల దగ్గర బతికిన మనిషికి ఆ రెండూ ఒకటని తోచనే లేదు.

"ఆ పొద్దు పాప మెలికలు తిరిగింది దీంతోనే" అంది నౌరీన్. "నేను ఊరందరి మీదా పడి ఏడిస్తిని. నువ్వు పక్కనే కూర్చోనుండావు."

"ఇంత దుమ్ముకా?"

"ఇంత దుమ్ముకే."

"ఏం మాటలమ్మే అవి" అన్నాడు కాశిం సాహెబ్. ఆయనకూ రోషం వచ్చింది. "దుమ్ముతో జబ్బొస్తే మనమంతా అదే దుమ్ములో బతికినాం గదా. మీ అమ్మ బతికింది. నువ్వు బతికినావు. నా బేకరీలో ఎవరికేమైందని?"

"అన్నకైంది" అంది నౌరీన్.

నోరు జారాక నాలుక కరుచుకుంటే ఏం లాభం. స్టవ్వు మీద ఉప్పు చిటపటమంది. కాశిం సాహెబ్ మూటను ఒళ్లో పెట్టుకుని, "ఏమన్నావు?" అని మెల్లగా అడిగాడు.

ఇక దాచడానికి వీల్లేదు. నౌరీన్ ఆయన ముందు నేల మీద కూర్చుని, డాక్టరు అడిగిన మాట చెప్పింది. అన్న పొట్ట, పాలిపోయిన మొహం, రెండు తట్టలకే వచ్చే ఆయాసం, అన్నీ అఖ్సాలో చూశానని చెప్పింది. ఒకటి కూడా తగ్గించి చెప్పలేకపోయింది. చెబుతున్నంతసేపూ ఆయన రెప్ప వేయలేదు.

"జ్వరమొస్తే ఊరంతా నా బ్రెడ్డే తీసకపోయేది" అన్నాడు కాశిం సాహెబ్. "పెద్దాసుపత్రి వాకిట్లోంచి నేరుగా నా అంగడికే వచ్చేది జనం. నా బిడ్డ బక్కచిక్కి పోతా ఉంటే నేనేం పెట్టేది? అందరికీ పెట్టిందే పెట్టినా. పాలల్లో రస్కు, పాలల్లో బన్ను. మీ అమ్మ, వాడికి ఇది సయించలేదేమో సూడు అనేది. నేను ఇనలా. వద్దంటే ముక్కు మూసి తినిపించినా."

"నీకు తెలీదు గదా నాయనా. ఆ రోజుల్లో డాక్టర్లకే తెలీదు."

ఆయన లేచి, మూట తీసుకుని పెరటి కాలువ దగ్గరికి వెళ్లి, ముడి విప్పి, పిండంతా కుమ్మరించి నీళ్లు పోశాడు. గుడ్డను కూడా చెత్తబుట్టలో పడేశాడు. సబ్బుతో మోచేతుల దాకా ఒకటికి మూడుసార్లు కడుక్కుని, లోపలికి వచ్చి గిన్నె తీసుకున్నాడు. "నేను తోముతా నాయనా" అంటే ఇవ్వలేదు. తోమి, వేడినీళ్లు పోసి కడిగి, ఆఖరికి అది కూడా నమ్మకం లేక "ఏరే గిన్నె ఏమన్నా ఉండాదా?" అని అడిగాడు. నౌరీన్ అన్నం వండే కొత్త స్టీలు గిన్నె ఇచ్చింది. దానికి వెన్న పూసి, కోకో పొడి చిటికెలతో చల్లింది ఆయనే.

కేకు కాలుతుంటే చాక్లెట్, బెల్లం, రాగి కలిసిన వాసన ఇల్లంతా నిండింది. బజారు వీధిలో వచ్చే వాసన కాదది, ఆ వాసనలో మట్టి ఉంది, సంగటి ఉంది. అయినా కుక్కర్ మూత తీసి, పుల్ల గుచ్చి చూసి, "అయింది" అని కాశిం సాహెబ్ అన్న తీరు మాత్రం అచ్చంగా అప్పటిదే. నౌరీన్ కళ్లు తుడుచుకుంది.

అఖ్సా మొదటి ముక్క భయంగా, రెండో ముక్క మామూలుగా, మూడోది గబగబా తింది. "తాతా, ఇది మీ అంగట్లో అమ్మింటే నేను రోజూ వచ్చేదాన్ని" అంది. ఆయన పిల్ల తల నిమిరాడు కానీ నవ్వలేకపోయాడు. మధ్యాహ్నం గడిచింది. నౌరీన్ పని లేకపోయినా పిల్ల చుట్టూ తిరుగుతూనే ఉంది. సాయంత్రం అఖ్సా మిద్దె మీద కోమలి కూతురితో తాడాట ఆడుతూ, ఇంక దిగి రమ్మంటే రానని అరిచింది. ఆ అరుపు విన్నాక నౌరీన్‌కు ఊపిరి ఆడింది.

సాయంత్రపు అసర్ నమాజు నుంచి వచ్చిన కాశిం సాహెబ్ చెప్పులు విడవకుండానే, "వాడికి ఫోన్ కలుపు" అన్నాడు. ఎవరికని ఆమె అడగలేదు. నంబరు కలిపి, తండ్రికి సరిగ్గా వినపడదని స్పీకర్ పెట్టి ఆయన చేతికిచ్చింది.

"ఏమ్మే నౌరీన్, పాపకెట్లుండాది?" అంది అటువైపు గొంతు.

"నేనురా" అన్నాడు కాశిం సాహెబ్.

ఇరవై ఏళ్ల కింద ఇల్లు వదిలిన పిల్లవాడే పలికినట్లు, "నాయనా" అని వినపడింది.

"నిస్సార్, నీకు గోధుమ పడదు రా. అది సోమరితనం కాదు, జబ్బు. నాకు తెలీలా. నా చేత్తో నేనే పెట్టి, నేనే కొట్టినా." ఆయన పొద్దుటి నుంచి ఈ మాటలే కూడబెట్టుకున్నట్టున్నాడు, ఆగకుండా అనేశాడు.

"తెలుసు నాయనా."

"ఏం తెలుసు?"

"ఆ జబ్బు సంగతే. వేలూరులో డాక్టరు చెప్పినాడు, శానా ఏండ్లాయె. అఖ్సాకు అప్పటికి పండ్లు గూడా రాలేదు. గోధుమ మానేసి సంగటి తింటా ఉండా. ఇప్పుడు బస్తాలు నేనే మోస్తా."

"మరి నాకెందుకు చెప్పలేదు రా?"

"ఏమని చెప్పేది? నీ రొట్టెతోనే నేను చెడినానని చెప్పాల్నా? అది తెలిస్తే నువ్వు మళ్లా బట్టీ ముట్టిస్తావా? నీకు ఆ బేకరీ తప్ప ఇంకేముండాది నాయనా. నన్ను పనిదొంగ అనుకుంటే అనుకోనీలే అని ఊరుకుంటి."

కాశిం సాహెబ్ ఏడ్చాడు. తల్లి పోయినప్పుడు కూడా ఆయన ఏడవడం నౌరీన్ చూడలేదు. ఆమెకూ కన్నీళ్లు ఆగలేదు. తను భయపడినట్లు తండ్రి కూలిపోలేదు, అన్న మనసులో కక్ష లేదు, ఇన్ని నెలలు అనవసరంగా దాచానే అనుకుంది. తండ్రి భుజం మీద చెయ్యి వేసి నిమురుతోంది. ఫోనులో నిస్సార్ తన ధోరణిలో చెప్పుకుపోతున్నాడు.

"ఆ డాక్టరు అప్పుడే చెప్పినాడు నాయనా, ఇది రక్తంలో ఉంటాది, మీ ఇంట్లో పిల్లోళ్లకు గూడా పరీక్ష చేయించండి అని. చెల్లెలికి చెప్తే నీ చెవిన పడతాదని చెప్పలా. పండక్కి ఫోన్ చేసినప్పుడల్లా నౌరీన్‌కు మాత్రం అంటానే ఉంటి, పాపకు సంగటి పెట్టు, సంగటి పెట్టు అని."

నౌరీన్ చెయ్యి తండ్రి భుజం మీదే ఆగిపోయింది.

అఖ్సాకు నాలుగేళ్లు నులిపురుగుల మందు పోశారు. రక్తం పట్టాలని చేదు టానిక్కులు తాగించారు. సూదులకు చేతులు బిగుసుకుపోయి, ఆసుపత్రి గేటు చూస్తేనే పిల్ల తల్లి చీర పట్టుకుని నేల మీద కూర్చుండిపోయేది. ఆ నాలుగేళ్లూ ఐరాలలో ఒక మనిషికి ఆ జబ్బు పేరు తెలుసు.

"రేపే రా నిస్సార్" అంటున్నాడు కాశిం సాహెబ్ కళ్లు తుడుచుకుంటూ. "నీ చెల్లెలు కేకు చేసినాది. నువ్వు గూడా తినొచ్చు."

"వస్తా నాయనా. పొద్దున మొదటి బస్సుకే వస్తా."

నౌరీన్ తండ్రి చేతిలోంచి ఫోను తీసుకుంది.

"అన్నా."

"చెప్పు మే."

"నాయన మనసు నొచ్చుకుంటాదని నువ్వు సూసుకున్నావు. నా బిడ్డను ఎవరూ సూసుకోలేదు. ఇది నాయన ఇల్లు కాదన్నా, నా ఇల్లు. నువ్వు రావద్దు."

అటు నుంచి మాట వచ్చేలోపే ఫోను కట్ చేసి, బల్ల మీద పెట్టింది. మిద్దె మీద తాడు నేలను కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. కాశిం సాహెబ్ కూతురి ముఖం వైపు చూశాడు. ఆమె తప్పు చెప్పిందని ఆయన అనలేదు. గోడకున్న కొక్కెం మీది నుంచి చొక్కా తీసి తొడుక్కుని, గుండీలు పెట్టుకుంటూ అడిగాడు.

"ఐరాలకు ఈ పొద్దు ఇంకా బస్సుండాదా మే?"